వరస కలిపిన క్రియ

మా ఆఫీసులో ఉద్యోగులు ఉండేవాళ్లు కాదు, చుట్టాలు ఉండేవాళ్లు. ప్రధాన సంపాదకుడు అందరికీ అన్నయ్య. ప్రూఫులు దిద్దే పెద్దాయన బాబాయ్. టైపు చేసే అమ్మాయి చేరిన మొదటిరోజే కోడలుపిల్ల అయిపోయింది. ఎవరికి కోడలో ఆమెకీ తెలీదు, మాకూ తెలీదు. నేను చెల్లెమ్మని. టైర్ల షాపు పైన మూడు గదులు అద్దెకి తీసుకుని, ఇంగ్లీషు నుంచి మన భాషలోకి ఒక పెద్ద నిఘంటువు తయారుచేసిన ఆఫీసు అది. అక్కడ ఇరవై ఏళ్లకి పైగా పనిచేశాను. పనిచేశాను అంటే అన్నయ్య నొచ్చుకునేవాడు. ఇంట్లో ఎవరైనా పనిచేస్తారా చెల్లెమ్మా, ఉంటారంతే, అనేవాడు.

ఇంట్లో ఎవరూ పనిచేయరన్న ఈ సంగతి మా అత్తయ్యకి చెప్పి చూద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆవిడ చేతిలో గరిటె చూసి ఊరుకున్నాను.

నేను అంతకుముందు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పక్కా ఉద్యోగం. ఒకసారి ఏదో మీటింగుకి అన్నయ్య మా స్కూలుకి వచ్చాడు. పిల్లలకి ఒక మాట అర్థం ఎలా విప్పి చెప్పాలో నేను మాట్లాడుతుంటే చివరిదాకా కూర్చుని విన్నాడు. బయటికి వచ్చాక, నువ్వు ఉండాల్సిన చోటు ఇది కాదు చెల్లెమ్మా అన్నాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఆ పిలుపుకే సగం పడిపోయాను. మిగతా సగం, ఆయన చేసిన వాగ్దానానికి పడ్డాను. పుస్తకం మొదటి పేజీలో తన పేరు, దాని కింద నా పేరు. ఎవరో ఒకరు మనకి అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నప్పుడు, ఆ చెయ్యి ఎవరిదని అడగాలనిపించదు.

ఇంట్లో చెబితే మా ఆయన, నీ ఇష్టం అన్నాడు. ఆయన లారీల ఆఫీసులో గుమాస్తా. ఇల్లు తగలబడుతున్నా నీ ఇష్టమనే అంటాడు. అత్తయ్య మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"పుస్తకం మీద నీ పేరు వేస్తారా?"

"మొదటి పేజీలో వేస్తారు అత్తయ్యా."

"అయితే వెళ్లు. పొయ్యి నేను చూసుకుంటా. పేరు పడినరోజు నాకు చూపించు."

అత్తయ్య తన వయసంతా బట్టలు కుట్టింది. చొక్కాలు, స్కూలు పిల్లల డ్రస్సులు, కోట్లు కూడా. కాలరు వెనక కుట్టే చిన్న గుడ్డముక్క మీద ఎప్పుడూ ఏదో ఒక షాపువాడి పేరే ఉండేది. ఆ ముక్కని కూడా ఆవిడే కుట్టేది. అందుకే ఆ ప్రశ్న వేసిందని నాకు అప్పుడు తోచలేదు. ఈ ముసలావిడకి కోడలి పేరు మీద మోజేంటా అనుకున్నాను, ఎందుకంటే ఆ పేరుతో నన్ను ఏనాడూ పిలిచి ఎరగదు. నాది రెండక్షరాల పేరు, పిలిస్తే నోరు నొప్పి కూడా పుట్టదు. అయినా ఆవిడకి నేను ఎప్పుడూ 'ఏమే'నే. అమ్మా అనలేదు, తల్లీ అనలేదు. కానీ ఆరోజు నుంచి నేను పొయ్యి ముట్టుకోలేదు. నా బాక్సు పొద్దున్నే మూతపెట్టి గడప పక్కన ఉండేది. ఒంట్లో బాగాలేని రోజుల్లో కూడా ఉండేది. చేసి తిట్టేది, తిట్టి చేసేది, మొత్తానికి చేసేది.

ఆఫీసులో అన్నయ్య పెట్టిన నియమం ఒకటుంది. మంచిదే. ఎంత కోపం ఉన్నా మంచిని మంచే అనాలి. ప్రతి మాటకీ అర్థం రాశాక, ఆ అర్థం మనవాళ్ల నోట ఎలా పలుకుతుందో చూపించే వాక్యం ఒకటి ఇస్తాం కదా, ఆ వాక్యం సొంతంగా అల్లకూడదు. ఎవరో ఒకరి నోట నిజంగా విన్నదై ఉండాలి. బస్సులోనో, బట్టలషాపులోనో, ఆస్పత్రి వరండాలోనో. ఆ వాక్యాన్ని చీటీ మీద రాసి, కింద 'చెప్పినవారు' అని రాయాలి. అచ్చులో ఆ పేరు రాదు, చీటీలోనే ఉండిపోతుంది. విన్నమాట అని పిలిచేవాళ్లం దాన్ని. అందువల్ల మేమంతా ఊళ్లో చెవులు రిక్కించుకుని తిరిగేవాళ్లం. రెండు బెంచీల అవతల మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుంటుంటే, మా బాబాయ్ చెవి అటువైపు సాగిపోయేది.

నాకైతే అంత తిరుగుడు అక్కర్లేకపోయింది. ఇంట్లోనే గని ఉంది. చల్లారడం అనే అర్థం కింద 'నోరు తర్వాత చల్లారుద్దువుగానీ, ముందు అది చల్లారిపోతోంది తిను' అని ఉంటుంది, చూడండి. అది అత్తయ్యది. మొండి అనే అర్థం కింద ఉన్నది మా ఆయన్ని తిట్టింది. సూది, గుడ్డ, కత్తెర, ఓపిక, విసుగు, వీటన్నిటి కిందా ఉన్నది ఆవిడ గొంతే. ఈ సంగతి ఆవిడకి చెప్పాను కూడా. నా నోటిని నువ్వు బాగానే వాడుకుంటున్నావే, అంది.

ఇక ఆ క్రియ సంగతికి వస్తాను.

అర్థం తేలినా పుట్టుక తేలని మాటలు ప్రతి భాషలోనూ కొన్ని ఉంటాయి. మా ఆఫీసులో వాటి చీటీలన్నిటినీ ఒక అట్టపెట్టెలో వేసేవాళ్లం. దానికి బాబాయ్ 'పెళ్లికాని పిల్లల పెట్టె' అని పేరు పెట్టాడు. ఏ ఇంటి పిల్లో తేలితేగాని బయటికి పంపలేమని. పుస్తకం అచ్చుకి వెళ్లే ఏడు ఆ పెట్టె ఖాళీచేసే పని నామీద పడింది. ఒక్కొక్కదాన్నీ ఏదో ఒక సంబంధానికి ఒప్పించి పంపించాను. చివరికి మిగిలింది కజన్.

పలకడంలో అది మనందరికీ తెలిసిన కజిన్ లాగే ఉంటుంది. రాసేటప్పుడు మధ్యలో జెడ్ వస్తుంది. అదొక క్రియ. మోసగించడం అని అర్థం. మోసానికి ఇంగ్లీషులో మాటలకేం కొదవలేదు, కానీ ఈ మాట రుచి వేరు. ఇందులో దౌర్జన్యం లేదు, గోడ దూకడం లేదు. మెత్తగా మాట్లాడి, నమ్మించి, మనదాన్ని మనచేతే ఇప్పించుకోవడం. దాదాపు నాలుగున్నర వందల ఏళ్ల కిందట ఆ భాషలో కనబడటం మొదలైంది. ఆ రోజుల్లో నాటకాల్లో, మతబోధల్లో, ఊరూరా తిరిగే మాయగాళ్ల గురించి రాసిన చిన్నచిన్న పుస్తకాల్లో తెగ తిరిగింది. తర్వాత మెల్లగా ముసలిదైపోయింది. ఇప్పుడు ఆ భాషవాళ్లు కూడా, పాతకాలం వాసన కావాలనుకున్నప్పుడు తప్ప దాన్ని బయటికి తీయరు. మాట పోయింది, పని మాత్రం నిక్షేపంగా ఉంది.

దీనికి రెండు పుట్టిళ్లు చెబుతారు పండితులు. ఒకటి ఇటలీ వైపు. అక్కడ గుర్రాల్ని మచ్చిక చేసి, బేరాలు కుదిర్చేవాడికి ఒక పేరుంది. కుంటి గుర్రానికి నూనె రాసి, పళ్లు తోమి, పందెం గుర్రమని అంటగట్టే రకం. వాడి పేరులోంచి ఈ క్రియ వచ్చిందంటారు కొందరు. రెండోది ఫ్రాన్సు వైపు. అక్కడ చుట్టాన్ని చెప్పే మాటలోంచే ఒక క్రియ పుట్టింది. దానర్థం చుట్టరికం కలుపుకోవడం, అదీ లాభం కోసం. దారిన పోయేవాడు, సత్రానికి దండుగ ఎందుకని, కనబడిన ప్రతి ఇంట్లోకీ వెళ్లి 'నేను మీకు ఫలానా వరస అవుతాను' అంటాడు. వాళ్లు కాళ్లకి నీళ్లిచ్చి, మంచం వేసి, తమ వాటాలోంచి తీసి వాడికి పెడతారు. పొద్దున్నే వాడు పక్క ఊళ్లో ఇంకొకరికి మేనల్లుడు. ఈ రెండింటిలో ఏది నిజమో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు.

నేను రెండూ రాశాను. రాసి, చుట్టం కథని ముందు పెట్టాను. దాంట్లో నా పక్షపాతం ఏమీ లేదు అప్పటికి. ఆ తేడా మీద కొన్నాళ్లు ఆలోచించిన మాట నిజం. గుర్రాలవాడు గుర్రం గురించి అబద్ధం చెబుతాడు, చుట్టం తన గురించి చెబుతాడు. గుర్రాలవాడితో బేరమాడొచ్చు, పళ్లు లెక్కపెట్టొచ్చు, నలుగుర్ని పిలిచి పంచాయితీ పెట్టొచ్చు. చుట్టంతో అవేవీ కుదరవు. అడగడమే తప్పయిపోతుంది అక్కడ. అడిగినవాళ్లే చిన్నవాళ్లయిపోతారు. అన్నయ్య ఆ చీటీ చూసి, ఎందుకు చెల్లెమ్మా ఈ చుట్టాల గొడవ, గుర్రాలవాడొక్కడు చాలు, అన్నాడు. చోటు తక్కువట. నేను పట్టుబట్టాను. సరే, రెండూ ఉంచు, నీ మాట కాదంటానా, అన్నాడు. ఆయన ఎప్పుడూ నా మాట కాదనలేదు. అది కూడా చెప్పుకోవాలి.

దానికి విన్నమాట ఒకటి దొరకాలి, ఆ మెత్తదనం వినబడాలంటే అది మోసగాడి నోటినుంచే రావాలి. అందరూ మోసాల గురించి మాట్లాడతారుగానీ, మోసం జరుగుతుండగా మోసగాడు పలికిన మాట దొరకడం కష్టం. చీటీని బల్లమీద అలాగే ఉంచాను.

ఆ వారంలోనే ప్రెస్సు నుంచి మొదటి, చివరి పేజీల నమూనా వచ్చింది. కోడలుపిల్ల కవరు విప్పి, చూసి, నావైపు చూడకుండా నా బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో అన్నయ్య పేరుంది. దాని కింద అంతే పెద్ద అక్షరాలతో ఆయన అల్లుడి పేరుంది. మాకందరికీ వరస కలిపాడు కదా, ఈయన మాత్రం నిజం అల్లుడు, కూతురి మొగుడు. రెండేళ్ల కిందట వచ్చి ఆఫీసులో కంప్యూటర్లు పెట్టించాడు. మంచి కుర్రాడే, మర్యాదగా ఉంటాడు. క్రియకీ విశేషణానికీ తేడా అడిగితే మర్యాదగానే నవ్వుతాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ మామగారే చెల్లెలి సొమ్ము అల్లుడికి దానం చేశాడు.

పుస్తకం చివర కృతజ్ఞతల పేజీ ఉంది. కాగితం ఇచ్చినవాళ్లు, అచ్చు వేసినవాళ్లు, కింద టైర్ల షాపు యజమాని, అందరి పేర్లూ ఉన్నాయి. చిట్టచివర ఒక లైను. 'పేరుపేరునా చెప్పుకోనక్కర్లేని మా కుటుంబసభ్యులందరికీ' అని. బాబాయ్, కోడలుపిల్ల, నేను, ముగ్గురం ఆ లైనులో సర్దుకున్నాం.

నేను అన్నయ్య గదిలోకి వెళ్లాను. అప్పటికి ఆ గదిలోకి కొన్ని వేలసార్లు వెళ్లి ఉంటాను, తలుపు తట్టి వెళ్లడం మాత్రం అదే మొదటిసారి. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్లు తాగు చెల్లెమ్మా అని గ్లాసు నావైపు జరిపాడు.

"మొదటి పేజీలో నా పేరు లేదు అన్నయ్యా."

"చూశావా? నేనే పిలిచి చెబుదామనుకున్నాను. అల్లుడి పేరు వేయక తప్పలేదమ్మా. ఎంతైనా బయటినుంచి వచ్చినవాడు. వేయకపోతే పరాయివాడిలా చూశారని బాధపడతాడు."

"మరి నేను?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. నటన కాదు. ఆయన్ని ఇరవై ఏళ్లు చూశాను, ఏది నటనో నాకు తెలుసు.

"నువ్వు ఇంటిదానివి. ఇంటివాళ్లకి పేర్లెందుకు చెల్లెమ్మా?"

వాగ్దానం గుర్తుచేశాను. అవునన్నాడు, అన్నానన్నాడు, అప్పటికి నువ్వు కొత్తదానివి కదా అన్నాడు. కొత్తవాళ్లకి అలాంటి మాటలు చెప్పాలట. ఇన్నేళ్ల తర్వాత కూడా పేరు కోసం లెక్కలు చూస్తానని తను అనుకోలేదట. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అడిగింది నేను, నొచ్చుకుంది ఆయన. లేచి వచ్చేస్తుంటే సారీ అన్నయ్యా అన్నాను. ఆ సారీ తలుచుకుంటే ఇప్పటికీ నాలుక మండుతుంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు. అది కూడా నయమే. ఓడవాడికి కనీసం తనని తిడుతున్నారని తెలుస్తుంది. నన్ను బోడి మల్లయ్యని చేసి, దాన్ని కూడా ముద్దుపేరులాగే పిలిచాడు.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక, ఎదురుగా ఆ చీటీ కనబడింది. కలం తీసి విన్నమాట రాశాను. 'ఇంటివాళ్లకి పేర్లెందుకు చెల్లెమ్మా' అని. కింద, చెప్పినవారు అన్నచోట, అన్నయ్య అని రాశాను. నియమం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైన చీటీ అది. కోపంతో రాశాననే చెబుతాను, ఆశతో కూడా రాశాను. ఆయన ఆఖరి ప్రూఫు ప్రతి అక్షరం చదువుతాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడని కదా సామెత. ఈ వాక్యం దగ్గర ఆయన చెయ్యి తన భుజం మీదికి వెళుతుంది, సిగ్గుపడతాడు, ఆ మొదటి పేజీ దిద్దుతాడు. ఇదీ నా లెక్క. అచ్చుకి ఇంకా వ్యవధి ఉంది. ఒక్క లైను, రెండక్షరాలు చేరిస్తే అయిపోయే పని.

ఆ చీటీ ముందు బాబాయ్ దగ్గరికి వెళ్లింది. చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నన్ను తన బల్ల దగ్గరికి పిలిచాడు. పోనీ ఇంకో వాక్యం చూద్దామా అమ్మా, అని నెమ్మదిగా అడిగాడు. విన్నమాటే కదా బాబాయ్, అన్నాను. ఆయన, చివర చుక్క పెట్టడం మర్చిపోయావు అని చుక్క పెట్టి, లోపలికి పంపించేశాడు. అంతకుమించి ఆయన ఏం చేయగలడు. ఆయనా ఆ చివరి లైనులోనే ఉన్నాడు.

ప్రూఫు అన్నయ్య దగ్గరినుంచి తిరిగొచ్చింది. ఆ పేజీ మీద దిద్దుబాటు ఏమీ లేదు. మొదటి పేజీ మీదా లేదు. చూసుకోలేదేమో అనుకున్నాను. చూసి, లోపల ఏదో కదిలి, సమయం కోసం చూస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. మనిషి ఆశకి సిగ్గుండదు. అత్తయ్య మాత్రం రోజూ అడుగుతోంది, ఇంకెప్పుడే అని. ఆవిడ కళ్లు అప్పటికి బాగా మసకబారాయి. చూపు మధ్యలో మరకలాంటిది ఏర్పడింది, పక్కలే కనబడతాయి. డాక్టరు ఇది తగ్గేది కాదని చెప్పేశాడు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. పత్రికలో పెద్దక్షరాలు మాత్రం భూతద్దం పెట్టుకుని చదువుతుంది. పొయ్యి దగ్గర చేత్తో తడుముకుని డబ్బాలు తీస్తుంది. నేను చేస్తానంటే వినదు. నువ్వు ముందు ఆ పుస్తకం సంగతి చూడు, అంటుంది. వస్తుంది అత్తయ్యా, అనేదాన్ని.

పుస్తకం విడుదల ఒక కాలేజీ హాల్లో పెట్టారు. సభకి నేను ఇస్త్రీచీర కట్టుకుని వెళ్లాను. మూడో వరసలో బాబాయ్ పక్కన కూర్చున్నాను. వేదిక మీద అన్నయ్య, అల్లుడు, ముఖ్య అతిథి, మెడలో కెమెరా తగిలించుకుని వచ్చిన ఆయన బంధువు ఎవరో. అన్నయ్య మైకు ముందుకి వచ్చి, మా నిఘంటువులో ప్రాణం లేని వాక్యాలు ఉండవు, అన్నీ మనుషుల నోట విన్నవే అని చెప్పి, ఒక చిన్న ఉదాహరణ అంటూ పుస్తకం తెరిచాడు. ముందే కాగితం ముక్క పెట్టుకుని వచ్చాడు. ఏ పేజీయో నాకు తెలిసిపోయింది. బాబాయ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆయన ఆ క్రియని పలికి, అర్థం చదివి, గుర్రాలవాడి కథ చెప్పి, చుట్టం కథ ఇంకా బాగా చెప్పాడు. నేను రాసినదానికంటే బాగా చెప్పాడు. జనం నవ్వారు. తర్వాత విన్నమాట చదివాడు.

"ఇంటివాళ్లకి పేర్లెందుకు చెల్లెమ్మా. ఈ మాట ఎవరిదో తెలుసా? నాదే. మా చెల్లెమ్మకి నామీద కోపమొచ్చి నన్నే తీసుకెళ్లి మోసగాళ్ల కింద పెట్టింది. చూసి కూడా నేను తీయలేదు. ఇంట్లో ఈమాత్రం ఆటపట్టించుకోకపోతే అదేం ఇల్లు? ఏదమ్మా, ఒక్కసారి లేచి నిలబడు, అందరూ చూస్తారు."

హాలంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానంటే ఏం చెప్పను, పెద్దవాడు పిలిచాడు. నవ్వాను కూడా. నా ఇరవై ఏళ్లలో దొరికిన ఒకే ఒక్క ముల్లు అది, గుచ్చుకుంటుందని పెడితే ఆయన దాన్ని తీసి కోటుకి పువ్వులా పెట్టుకున్నాడు. ఆయన భుజాలు తడుముకోలేదు, దొంగ తనే అని చెప్పి గుమ్మడికాయ కూడా చూపించాడు, అయినా ఎవరూ పట్టుకోలేదు. అంతమందిలో ఎవరూ ఆ చెల్లెమ్మ పేరేమిటని అడగలేదు. అల్లుడు వేదిక మీదనుంచి నాకు మర్యాదగా తలవంచాడు.

బయటికి వస్తుంటే అన్నయ్య నా తల మీద చెయ్యిపెట్టి, ఎక్కడా తగ్గలేదు చెల్లెమ్మా నువ్వు, భలే పెట్టావు, అన్నాడు. ఒక పుస్తకం నా చేతుల్లో పెట్టాడు. మనసులో ఏమీ పెట్టుకోకు, రెండో ముద్రణ పని సోమవారం నుంచి మొదలుపెడదాం, అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, దాచుకున్న చీర కట్టుకుని, భూతద్దం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒళ్లో పెట్టిన పుస్తకం బరువుకి ఆవిడ మోకాళ్లు కిందికి దిగాయి. అట్ట మీద చెయ్యి వేసి, అంచు వెంట వేలు పోనిచ్చి, కుట్టు గట్టిగానే ఉంది అంది. తర్వాత మొదటి పేజీ తెరవమంది. తెరిచాను. భూతద్దాన్ని కళ్ల దగ్గరగా, కాస్త పక్కకి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. అక్షరాలు పెద్దవి కావడంతో చదవగలిగింది.

"ఈయన మీ అన్నయ్య. ఈ రెండోవాడు ఎవరే?"

"ఆయన అల్లుడు అత్తయ్యా."

"నీది?"

నాకు చెప్పే ధైర్యం లేకపోయింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూనే వచ్చాను. వాళ్లు మోసం చేశారత్తయ్యా అని ఒక్క ముక్కలో చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. నాది వెనకాల ఉంది అని పేజీలు తిప్పి, కృతజ్ఞతల పేజీ తీసి, ఆవిడ వేలు పట్టుకుని ఆ చివరి లైను మీద పెట్టాను.

"ఇదిగో, ఇక్కడ."

ఆ అక్షరాలు చిన్నవి, ఆవిడకి కనబడవని నాకు తెలుసు. కనబడవు కాబట్టే పెట్టాను. అత్తయ్య భూతద్దాన్ని ఆ లైను మొదట్లో పెట్టి, మెల్లగా పక్కకి జరుపుకుంటూ వెళ్లింది. చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చింది.

"నీ పేరు రెండక్షరాలే కదే. ఇది ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉంది."

"ఇంటిపేరుతో కలిపి వేశారు అత్తయ్యా."

"మన ఇంటిపేరు ఎంత పొడుగో నాకు తెలీదా?"

ఆవిడ తనే చేత్తో తడుముకుంటూ పేజీలన్నీ వెనక్కి తిప్పి, మొదటి పేజీ మళ్లీ తెరిచి, ఆ రెండో పేరు మీద వేలుపెట్టి ఉంచింది.

"అయితే ఇన్నేళ్లూ నేను వండింది ఈ అల్లుడికా?" అంది.